గొర్రెల చెవిపోగులు చదివే బ్లూటూత్ రీడరును సొంత యాప్‌కు తగ్గట్టు మలచుకోవడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మహబూబ్‌నగర్ దగ్గర కొందరు గొర్రెల కాపరుల కోసం ఫ్లట్టర్‌లో (ఫోను యాప్‌లు రాసే సాధనం) యాప్ రాశారు. ఏ గొర్రెకు ఏ టీకా పడింది, ఏది ఎప్పుడు ఈనింది, ఏది అమ్ముడుపోయింది అన్నీ అందులో ఉంటాయి. గొర్రెలకు ఎలక్ట్రానిక్ చెవిపోగులు వేయించారు. కొన్న బ్లూటూత్ రీడరు మాత్రం దాన్ని అమ్మిన వాళ్ల యాప్‌తో తప్ప పనిచేయడం లేదు, ఎస్‌డీకే (వేరే యాప్‌లు రీడరుతో మాట్లాడేందుకు కావాల్సిన కోడ్) ఇచ్చేది లేదని వాళ్లు తేల్చేశారు. ఆ రీడరునే మీ యాప్‌కు కలపవచ్చా, లేకపోతే సొంతంగా చేసుకోవాలా, చేసుకుంటే ఏ చిప్ తీసుకోవాలి అని అడిగారు.

ఆరేళ్లుగా అనంతపురం, పాలమూరు వైపు మందల కోసం ఇలాంటి రీడర్లు చేస్తున్నాను. చిప్ సంగతి తర్వాత చెబుతా, ముందు నా మొదటి రీడరుతో ఏం జరిగిందో వినండి. మీ డిజైన్ అంతా దాని మీదే ఆధారపడాలని నా అభిప్రాయం.

పారుడు రోగం టీకా వేసే రోజు అది. దొడ్డి వాకిట్లో ఒక్కో గొర్రెనూ పట్టుకోవడం, టీకా వేయడం, రీడరును చెవి దగ్గర పెట్టడం, బీప్ వినగానే వదిలేయడం. మధ్యాహ్నానికి 212 గొర్రెలు అయ్యాయి. కాపరి భార్య గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూ లెక్కపెట్టింది కాబట్టి ఆ సంఖ్య ఖాయం. యాప్‌లో చూస్తే 187. మిగతా 25 ఏవో ఎవరికీ తెలియదు. ఫోను కాపరి జేబులో ఉంది, స్క్రీన్ ఆరిపోయాక కనెక్షన్ తెగి మళ్లీ కలిసింది. ఆ మధ్యలో రీడరు పోగును చదివింది, బీప్ కొట్టింది, గాల్లోకి పంపింది, అంతటితో మరచిపోయింది. మర్నాడు ఇంటిల్లిపాదీ పనులు మానుకుని మందనంతా మళ్లీ పట్టుకున్నారు. చూలు గొర్రెల్ని అలా రెండు రోజులు వరసగా పట్టి గుంజడం మంచిది కాదని ఆ పెద్దాయన మెల్లగా అన్న మాట నాకిప్పటికీ గుర్తే.

పోగును చదవడం 50 ఏళ్ల కిందటి భౌతికశాస్త్రమే, చేతికి దొరికే మాడ్యూళ్లతో (తయారుగా అమ్మే చిన్న బోర్డులతో) అయిపోతుంది. చదివిన ప్రతి అంకె ఫోనులోని డేటాబేస్‌కు చేరేదాకా పోకుండా కాపాడటం మీదే మీ సమయంలో ముప్పాతిక వంతు పెట్టండి.

ఇప్పుడు మొదటి నుంచి వద్దాం. ముందుగా చెవిపోగులు ఏ రకమో చూసుకోండి. పశుసంవర్ధక శాఖ వాళ్లు వేసే 12 అంకెల పశు ఆధార్ పోగు అయితే దాని మీద ఉండేది బార్‌కోడ్. దానికి రీడరే అక్కర్లేదు, ఫోను కెమెరా చాలు. పేడ అంటుకుంటే తుడవాలి, గొర్రె కదిలితే రెండోసారి ప్రయత్నించాలి, అంతే. చిన్న మందకు నేను ఇప్పటికీ అదే చెబుతాను. మీవి ఎలక్ట్రానిక్ పోగులు అంటున్నారు కాబట్టి బహుశా 134.2 కిలోహెర్ట్జ్‌వి అయి ఉంటాయి. 1996లో వచ్చిన ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలు వీటివే. యూరోపియన్ యూనియన్‌లో పెద్ద మందలున్న దేశాలు 2009 డిసెంబరు 31 తర్వాత పుట్టిన గొర్రెలకు తప్పనిసరి చేసిందీ ఈ రకాన్నే. ఇంత తక్కువ పౌనఃపున్యం ఎందుకంటే తడి, మాంసం, బురద దీనికి అడ్డురావు. చాలా ఎక్కువ పౌనఃపున్యం వాడే యూహెచ్‌ఎఫ్ పోగులు దూరం నుంచే పలుకుతాయి గానీ నీళ్లున్న దేహం ఆ తరంగాన్ని మింగేస్తుంది. వానలో తడిసిన మందలో ఒకటి పలికితే రెండు పలకవు. ఫోనులో ఉండే ఎన్‌ఎఫ్‌సీ 13.56 మెగాహెర్ట్జ్‌ది, అందుకే ఎంత ఖరీదైన ఫోనైనా మీ చెవిపోగును నేరుగా చదవలేదు. విడిగా రీడరు అవసరమయ్యేది ఇందుకే.

134.2లోనూ రెండు జాతులున్నాయి. ఎఫ్‌డీఎక్స్-బీ పోగు రీడరు అయస్కాంత క్షేత్రం వెలుగుతుండగానే జవాబిస్తుంది. హెచ్‌డీఎక్స్ పోగు ముందు శక్తిని నింపుకుని, క్షేత్రం ఆగాక పలుకుతుంది. చౌక మాడ్యూళ్లు ఎఫ్‌డీఎక్స్-బీ ఒక్కటే చదువుతాయి. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. తలుపు తాళాల కార్డులు చదివే 125 కిలోహెర్ట్జ్ మాడ్యూల్ చూడ్డానికి అలాగే ఉంటుంది, ధర ఇంకా తక్కువ. అది పశువుల పోగును చదవదు. కొనేముందు అమ్మేవాణ్ని ‘134.2, ఎఫ్‌డీఎక్స్-బీ’ అని రాసి ఇవ్వమనండి.

ఇక మీ దగ్గరున్న రీడరు. దాన్ని పక్కన పడేయకముందు ఒక సాయంత్రం దాని మీద పెట్టండి. ఫోనులో బ్లూటూత్ పరికరాలను పరిశీలించే ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ అనే ఉచిత యాప్ వేసుకుని, అమ్మినవాళ్ల యాప్‌ను పూర్తిగా ఆపేసి, రీడరుకు కనెక్ట్ అవ్వండి. అది బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త తరహా బ్లూటూత్) రీడరైతే సర్వీసులు, వాటి కింద క్యారెక్టరిస్టిక్‌లు (డేటా వచ్చి పోయే గడులు) కనిపిస్తాయి. నోటిఫై (రీడరు తనంతట తానే కబురు పంపడం) అని రాసి ఉన్న ప్రతిదాన్నీ ఆన్ చేసి ఒక పోగును చదివించండి. నేను చూసిన వాటిలో చాలా రీడర్లు 15 అంకెల్ని మామూలు అక్షరాలుగా, చివర ఒక లైన్ ముగింపు గుర్తుతో పంపించేస్తాయి, దాచిందేమీ ఉండదు. అప్పుడు మీకు ఎస్‌డీకేతో పనే లేదు. జాబితాలో కనిపించకపోతే అది పాత తరహా బ్లూటూత్ సీరియల్ అయినా కావచ్చు, కీబోర్డులా నటించే హెచ్‌ఐడీ అయినా కావచ్చు. ఫోను బ్లూటూత్ సెట్టింగులలో జత చేసి, నోట్స్ యాప్ తెరిచి పోగును చదివించండి. అంకెలు వాటంతటవే టైపైతే అది కీబోర్డు మోడ్. మాన్యువల్‌లో మోడ్ మార్చే బార్‌కోడో, బటన్ల వరసో ఉందేమో వెతకండి.

కీబోర్డు మోడ్ మొదట్లో చాలా ముద్దొస్తుంది, ఒక్క లైను కోడ్ రాయకుండానే అంకెలు యాప్‌లోకి వచ్చేస్తాయి కదా. నేనైతే వద్దంటాను. ఆ అంకెలు టెక్స్ట్ పెట్టెలో పడ్డాయో, మధ్యలో వచ్చిన వాట్సాప్ సందేశంలో పడ్డాయో రీడరుకు తెలిసే దారి లేదు. పైగా అది కనెక్టై ఉన్నంతసేపూ చాలా ఫోన్లలో తెర మీది కీబోర్డు మాయమవుతుంది, కాపరి గొర్రె బరువు టైప్ చేయలేడు. పాత సీరియల్ పద్ధతి ఆండ్రాయిడ్‌లో బాగానే నడుస్తుంది. ఐఫోన్‌కు కావాలంటే ఉపకరణాలకు ఆపిల్ అనుమతిచ్చే ఎంఎఫ్ఐ కార్యక్రమంలో చేరిన హార్డ్‌వేర్ కావాలి. బీఎల్‌ఈకి ఆ అడ్డు లేదు. సొంతంగా చేసుకునేట్టయితే బీఎల్‌ఈనే ఎంచుకోండి.

సొంత రీడరుకు చిప్ అడిగారు కదా. నార్డిక్ ఎన్‌ఆర్‌ఎఫ్52 వరస గానీ, ఈఎస్‌పీ32 గానీ, రెండూ పనికొస్తాయి. రేడియో వాడకంలో మొదటిది 5 మిల్లీయాంపియర్ల చుట్టూ తాగితే, రెండోది 100 దాటుతుంది. ఈ తేడా చూసి కంగారు పడకండి. అసలు తిండిపోతు యాంటెన్నా. నా బోర్డులో క్షేత్రం వెలిగితే 180 మిల్లీయాంపియర్లు పోతున్నాయి. అందుకే రీడరుకు ట్రిగ్గరు బటన్ పెట్టండి, నొక్కినప్పుడే క్షేత్రం వెలగాలి. గొర్రెకు మూడు సెకన్లు అనుకున్నా 212 గొర్రెలకు 11 నిమిషాలు కూడా కాదు, అంటే యాంటెన్నాకు 30 మిల్లీయాంపియర్-అవర్లకు కాస్త ఎక్కువ. ఒక 18650 లిథియం సెల్‌తో రోజంతా తిరగొచ్చు. మీకు ఆర్డుయినో (చిన్న బోర్డులకు తేలిగ్గా ప్రోగ్రాం రాసే పద్ధతి) అలవాటైతే ఈఎస్‌పీ32తో మొదలుపెట్టండి, పుస్తకం తిరగేయకుండా ఒక వారంలో నడుస్తుంది.

యాంటెన్నా దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే చదివే దూరం మొత్తం ఇక్కడే గెలుస్తాం లేదా పోగొట్టుకుంటాం. కాయిల్, కెపాసిటర్ కలిసి 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర అనునాదం కావాలి, అంటే ఆ పౌనఃపున్యానికే బలంగా స్పందించాలి. కాయిల్ 1 మిల్లీహెన్రీ అయితే కెపాసిటర్ దాదాపు 1.4 నానోఫారడ్ అవసరం. అనునాదంలో ఆ కెపాసిటర్ మీద వందల వోల్టులు నిలబడతాయి, కాబట్టి ఎక్కువ వోల్టేజికి తట్టుకునే, విలువ మారని సీ0జీ సిరామిక్ రకం గానీ ఫిల్మ్ రకం గానీ వేయండి. మామూలు ఎక్స్7ఆర్ సిరామిక్ వేస్తే వేడికీ వోల్టేజికీ విలువ మారిపోతుంది. ఇంట్లో ఫ్యాను కింద బాగా చదివిన రీడరు మే నెలలో గద్వాల ఎండకు సగం దూరానికి పడిపోతుంది. నాకు ఇది తెలియడానికి ఒక వేసవి పట్టింది.

కర్రలా పట్టుకునే రీడరు చేస్తే పిడికి పీవీసీ పైపు వాడండి, అల్యూమినియం వద్దు. కాయిల్ చుట్టూ లోహపు రింగు ఏర్పడితే అది క్షేత్రాన్ని తినేస్తుంది. బ్యాటరీని కూడా కాయిల్‌కు జానెడు దూరంలో పెట్టండి. ఇంకో దొంగ ఉంది: బ్యాటరీ వోల్టేజిని పెంచే చిన్న బూస్ట్ కన్వర్టరు. వాటిలో కొన్ని సరిగ్గా 100 నుంచి 200 కిలోహెర్ట్జ్ మధ్యే స్విచ్చింగ్ చేస్తాయి, మీ పోగు గొంతు ఆ గోలలో కలిసిపోతుంది. మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే కన్వర్టరు తీసుకోండి, లేదా చదివే సెకన్లలో దాన్ని ఆపేయండి. ఇంట్లో పరీక్షించేటప్పుడు ఫోను ఛార్జరు, ఎల్‌ఈడీ బల్బు దూరంగా ఉంచండి, అవీ ఇదే చేస్తాయి.

మాడ్యూల్ నుంచి నంబరు వచ్చింది. ఇక్కడ ముగ్గురిలో ఇద్దరు చేసే తప్పు ఒకటుంది. ఎఫ్‌డీఎక్స్-బీ పోగు లోపల దేశం కోడ్ 10 బిట్లు, జంతువు నంబరు 38 బిట్లు. ఆర్డుయినోలో అలవాటుగా అన్‌సైన్డ్ లాంగ్‌లో పెడతారు, అది 32 బిట్లే. పై బిట్లు రాలిపోతాయి. పరీక్షకు తెచ్చిన పది పోగుల్లో తేడా పట్టుబడదు, వేయి గొర్రెల్లో రెండింటికి ఒకే నంబరు వచ్చినప్పుడు తెలుస్తుంది. 64 బిట్ల పూర్ణాంకమే వాడండి. కొన్ని మాడ్యూళ్లు అంకెల్ని తలకిందుల వరసలో, హెక్సాడెసిమల్ అక్షరాలుగా ఇస్తాయి. పోగు మీద అచ్చైన నంబరుతో పోల్చి చూడకుండా ముందుకెళ్లొద్దు. పోగులోనే 16 బిట్ల సీఆర్‌సీ (తప్పులు పట్టుకునే సరిచూపు అంకె) ఉంటుంది, మాడ్యూల్ దాన్ని సరిచూస్తుందో లేదో తెలుసుకోండి. పోగు పంపే సందేశం మొత్తం 128 బిట్లు, దానికి పట్టేది 30 మిల్లీసెకన్లు. కాబట్టి వరసగా రెండుసార్లు ఒకే నంబరు వస్తేనే ఒప్పుకోవడం వల్ల మీకు పోయే సమయం ఏమీ లేదు.

యాప్‌లో ఆ నంబరును 15 అక్షరాల టెక్స్టుగా దాచండి, ముందు సున్నాలతో సహా. సంఖ్యగా దాచి ఎక్సెల్‌కు ఎగుమతి చేస్తే పశువైద్యుడికి 3.56ఈ+14 అని కనిపిస్తుంది. ఆ 356 భారతదేశం కోడ్. మీ పోగుల్లో 900తో మొదలయ్యేవి ఉంటే భయపడొద్దు, 900 నుంచి 998 దాకా తయారీదారుల కోడ్‌లు. వాటిని ఇచ్చేది పశువుల రికార్డుల అంతర్జాతీయ సంస్థ ఐకార్, మన వ్యవసాయ పరిశోధన మండలి ఐకార్ వేరు. 999తో మొదలైతే అవి పరీక్ష కోసం చేసినవి, అసలు మందకు వేయకండి.

పశు ఆధార్ నంబరునే ఎలక్ట్రానిక్ పోగులోకి రాయించొచ్చా అని ఒకాయన నన్ను అడిగారు, మీకూ ఆ ఆలోచన వస్తుంది. 38 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 274877906943. 12 అంకెల నంబరు అంతకు మించితే అది పోగులో పట్టదు. యాప్‌లో రెండు నంబర్లకూ వేర్వేరు గడులు పెట్టి జత చేయడం మేలు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన చోటు. రీడరును పద్దు పుస్తకంలా చేయండి. పోగు చదవగానే రీడరు ఒక క్రమసంఖ్య వేసి, తన ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీలో) రాసుకోవాలి. రాసుకోవడం అయ్యాకే బీప్ కొట్టాలి. ఈ వరస మార్చకండి. బీప్ అంటే కాపరి చెవికి ‘ఇది నా దగ్గర భద్రం’ అన్న మాట, ఆ మాట అబద్ధం కాకూడదు. ఒక్కో రికార్డులో క్రమసంఖ్య 4 బైట్లు, పోగు నంబరు 8, సమయం 4, గుర్తులు 1, సీఆర్‌సీ 2, మొత్తం 19. బీఎల్‌ఈ నోటిఫికేషన్‌లో ఏ సర్దుబాటూ లేకుండా పట్టేది 20 బైట్లు, కాబట్టి పాత ఫోనైనా, కొత్త ఫోనైనా ఒక రికార్డు ఒక ప్యాకెట్. ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) పెంచుకోవడం గురించి చాలామంది చెబుతారు. మీ పనికి అది అవసరం లేదు, దాని చుట్టూ వచ్చే తగువులూ అక్కర్లేదు. బ్లూటూత్‌కు సొంత సీఆర్‌సీ ఉండగా ఇంకోటెందుకంటే, బ్యాటరీ సరిగ్గా ఫ్లాష్‌లో రాసేటప్పుడే అయిపోతే సగం రాసిన రికార్డును పట్టుకోవడానికి.

ఫోను కనెక్ట్ అవగానే మొదట రీడరుకు సమయం చెబుతుంది, తర్వాత ‘నా దగ్గర చివరి క్రమసంఖ్య ఫలానా’ అని రాస్తుంది. రీడరు ఆ తర్వాతి నుంచి పంపుతుంది. ఫోను ప్రతి రికార్డునూ ఎస్‌క్యూలైట్‌లో (ఫోనులోని డేటాబేస్) కమిట్ చేశాకే తన చివరి సంఖ్యను పెంచుకుంటుంది. ఇండికేషన్ (అందినట్టు జవాబు కోరే బ్లూటూత్ కబురు) వాడితే జవాబు దానంతటదే వస్తుంది కదా అంటారు. ఆ జవాబు ఫోను బ్లూటూత్ పొర ఇచ్చేది, మీ డేటాబేస్‌కు చేరిందని కాదు. డేటాబేస్‌లో రీడరు గుర్తింపు, క్రమసంఖ్య కలిపి ప్రత్యేక కీ పెట్టండి. ఒకే రికార్డు రెండుసార్లు వచ్చినా రెండోది నిశ్శబ్దంగా ఆగిపోతుంది.

పంపిన రికార్డును రీడరు చెరపకూడదు. నా రెండో రీడరులో చెరిపాను. పొద్దున తండ్రి ఫోనుతో, సాయంత్రం కొడుకు ఫోనుతో కలిపారు, ఒక్కో ఫోనులో సగం సగం మంద మిగిలింది. ఫ్లాష్‌లో 1 మెగాబైట్ కేటాయించి, రికార్డుకు 32 బైట్లు ఇస్తే 32768 రికార్డులు పడతాయి. నిండాక పాతవాటి మీద గుండ్రంగా రాసుకుంటూ పోతే సరి. ఏ ఫోను ఎక్కడిదాకా తీసుకుందో ఆ ఫోనే గుర్తుపెట్టుకుంటుంది.

ఆండ్రాయిడ్ వైపు నాలుగు మాటలు. ఆండ్రాయిడ్ 12 నుంచి స్కాన్‌కూ కనెక్ట్‌కూ వేర్వేరు అనుమతులు అడగాలి, అంతకు ముందు ఫోన్లలో లొకేషన్ అనుమతి కావాలి. కాపరులు ఎక్కువగా వాడేది పాత ఫోన్లే, రెండు దారులూ రాయండి. స్కాన్‌లో మీ సర్వీసు యూయూఐడీతో (దాని గుర్తింపు సంఖ్యతో) వడపోత పెట్టకపోతే, స్క్రీన్ ఆరగానే స్కాన్ ఆగిపోతుంది. యూయూఐడీ 128 బిట్లది సొంతంగా తయారు చేసుకోండి, ఎక్కడో చూసిన 16 బిట్లది పెట్టొద్దు. ఒక రాత పూర్తయిందన్న కబురు రాకముందే ఇంకో రాత పంపితే రెండోది పోతుంది, వరసలో పెట్టి ఒక్కొక్కటే పంపండి. టీకా రోజున యాప్ ఫోర్‌గ్రౌండ్ సర్వీసుగా (తెర ఆరినా ఆగకుండా, నోటిఫికేషన్ చూపిస్తూ) నడవాలి. ఇవన్నీ చేసినా కొన్ని ఫోన్లు యాప్‌ను చంపేస్తాయి. పైన చెప్పిన పద్దు పుస్తకం ఉంటే అప్పుడు నష్టం లేదు, మళ్లీ తెరిచినప్పుడు మిగతావి వచ్చేస్తాయి.

మందలో చాలాసార్లు బీప్ వినపడదు. రెండు వందల గొర్రెలు అరుస్తుంటే చిన్న బజరు దేనికీ చాలదు. పిడిలో వైబ్రేషన్ మోటారు పెట్టండి, కొత్త పోగుకు ఒక అదురు, ఈరోజు ఇప్పటికే చదివిన పోగుకు రెండు. నట్టల మందు తాపేటప్పుడు ఈ రెండో అదురు చాలా విలువైనది, ఒకే గొర్రెకు రెండు మోతాదులు పడకుండా ఆపుతుంది. ఛార్జింగ్‌కు టైప్-సీ పెడితే ఆ సాకెట్‌లో సీసీ అనే తీగలు రెండింటికీ చెరో 5.1 కిలోఓమ్ రెసిస్టరు వేయడం మరవకండి, లేకపోతే రెండు చివరలా సీ ఉన్న కేబుల్‌తో ఛార్జ్ కాదు. నాలుగు రీడర్లు చేసి అమ్మాలనుకుంటే కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఈటీఏ అనే పరికర ఆమోదం తీసుకోవాలి, ఇప్పటికే ఆమోదం ఉన్న బ్లూటూత్ మాడ్యూల్ తీసుకుంటే ఆ దారి తేలికవుతుంది.

యాప్ మొదటి తెర మీద రెండు అంకెలు పెద్దగా పక్కపక్కన చూపించండి: రీడరులో ఎన్ని, ఫోనులో ఎన్ని. నేను కలిసిన కాపరుల్లో చదువురాని వాళ్లు కూడా ఆ రెండూ ఒకటయ్యేదాకా దొడ్డి తలుపు తీయరు.

ముందు ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్‌లో మీ రీడరు సర్వీసులు కనిపించిన తెర ఫొటో, ఒక పోగు చదివినప్పుడు వచ్చిన బైట్లు, ఆ పోగు మీద అచ్చైన నంబరు పెట్టండి. ఆ బైట్లు ఏ వరసలో ఉన్నాయో విప్పి చెబుతాను. దాన్నిబట్టి సొంత బోర్డు చేయాలా, ఉన్నదానికే చదివిన అంకెల్ని దాచుకునే ఒక చిన్న నిల్వ పెట్టె తగిలించాలా అన్నది తేల్చుకోవచ్చు.